లక్క టోపీ: మోటారు సైకిలు పందెముల చరిత్రలో ఒక ఘట్టము

మోటారు సైకిలు పందెముల జ్ఞాపికలను సేకరించువారు లోకమున పెక్కుమంది కలరు. గెలిచిన యంత్రములు, వెండి పాత్రలు, పందెగాండ్రు ధరించిన తోలు దుస్తులు, వారి చేవ్రాలు గల పుస్తకములు, పాత ఛాయాచిత్రములు వేలములలో గొప్ప వెలలకు అమ్ముడుపోవుచున్నవి. వీనిలో అన్నింటికంటె విలువైనది ఏది అని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క వస్తువును చూపుదురు. నన్నడిగినచో, ఆ గౌరవము కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి చేసిన ఒక టోపీకి దక్కవలెనందును. ఆ టోపీ ఏ పందెమును గెలువలేదు. దానిని చేయించినవాడు పందెగాడును కాడు, ఒక వైద్యుడు. ఆ టోపీ ఎందుకు పుట్టవలసివచ్చినదో తెలియవలెనన్నచో, ముందుగా ఆ పందెములు పుట్టిన చోటికి పోవలెను.

ఇంగ్లండునకును ఐర్లండునకును నడుమ సముద్రములో మాన్ అను చిన్న ద్వీపము కలదు. అది బ్రిటిషు రాజరికమునకు లోబడినదే అయినను, దానికి సొంత శాసనసభ ఉన్నది. ఆ సభ పేరు టిన్‌వాల్డ్. 1903లో బ్రిటిషు పార్లమెంటు చేసిన మోటారు చట్టము, రహదారులపై ఏ మోటారు బండియు గంటకు 20 మైళ్ళకు మించి పోరాదని కట్టడి చేసినది. రోడ్లు మూసి పందెములు నడుపుటకు అచ్చట వీలు లేకపోయినది. మాన్ ద్వీపపు శాసనసభ మాత్రము 1904లో వేరొక చట్టము చేసి, పందెపు వేళలలో రోడ్లను మూయుటకు సమ్మతించినది. ఒక దేశపు చట్టము తలుపు మూయగా, పొరుగున నున్న ద్వీపపు చట్టము తలుపు తెరచినది. మొదట కార్లును, 1905లో మోటారు సైకిళ్ళును అచ్చట పరీక్షకు నిలిచినవి.

1907 మే 28వ తేదీన సెయింట్ జాన్స్ అను గ్రామము వద్ద మోటారు సైకిళ్ళ తొలి టూరిస్ట్ ట్రోఫీ పందెము జరిగినది. బాటసారులు వాడుకొను యంత్రముల పటిమను పరీక్షించుట దాని ఉద్దేశము. కావుననే మడ్‌గార్డులును, శబ్దము తగ్గించు సైలెన్సరును ఉండితీరవలెనని నియమము పెట్టినారు. పెట్రోలును కూడ కొలిచి ఇచ్చినారు. ఒక సిలిండరు గల యంత్రము ఒక గాలను పెట్రోలుతో 90 మైళ్ళును, రెండు సిలిండర్లది 75 మైళ్ళును పోగలిగియుండవలెను. సుమారు 16 మైళ్ళ చుట్టుబాటను పదిసార్లు తిరిగి రావలెను. బరిలో దిగినవారు 25 మంది. రోడ్డు మట్టిరోడ్డు, ముందు పోవువాడు లేపిన దుమ్ములో వెనుకవానికి దారి కానరాని స్థితి.

ఒక సిలిండరు తరగతిలో చార్లీ కోలియర్ తన తండ్రి కర్మాగారములో తయారైన మాచ్‌లెస్ యంత్రముపై గంటకు 38.21 మైళ్ళ సగటు వేగముతో గెలిచినాడు. ఈ వేగము నేడు మన రహదారిపై బస్సు పోవు వేగమును మించినది కాదు. రెండు సిలిండర్ల తరగతిలో రెమ్ ఫౌలర్ నార్టన్ యంత్రముపై గెలిచినాడు. దానిలోని ఇంజను ఫ్రాన్సు దేశపు ప్యూజో వారిది. ఫౌలర్ పడిన అగచాట్లు చెప్పనలవి కావు. పలుమార్లు స్పార్కు ప్లగ్గులు మార్చుకొనవలసివచ్చినది; బెల్టు జారినది; వేగముగా పోవుచుండగా ముందరి టైరు పగిలినది. ఇక విరమింతమని తలచుచుండగా, ప్రేక్షకుడొకడు ఆయన ఇతరులకంటె అరగంట ముందున్నాడని చెప్పినాడట. ఆ మాటతో టైరు బాగుచేసికొని, 4 గంటల 22 నిమిషములలో పందెము ముగించినాడు.

ఈ తొలి పందెము ఒక వివాదమును కూడ మిగిల్చినది. కోలియర్ యంత్రమునకు సైకిలువలె తొక్కుడు పెడల్సు ఉండెను. ఎగువబాటలో వాటిని తొక్కి లాభము పొందినాడని, రెండవ స్థానము పొందిన ట్రయంఫ్ యంత్రపు జాక్ మార్షల్ పక్షమువారు వాదించినారు. మరుసటి ఏడు పెడల్సును నిషేధించినారు; 1908లో మార్షల్ గెలిచినాడు. మోటారు సైకిలు సైకిలునకు దాయాదియే గాని సైకిలు కాదు అన్న సంగతి ఈ విధముగా తేలినది.

1911లో పందెము స్నేఫెల్ కొండ మీదుగా పోవు దారికి మారినది. ఈ చుట్టు 37 మైళ్ళకు పైబడినది. సముద్రమట్టము నుండి సుమారు 1,400 అడుగుల ఎత్తుకు ఎక్కవలెను. అంతవరకు పెక్కు యంత్రములకు వేగమును మార్చుకొను గేర్లు లేవు. తోలు బెల్టే ఇంజను శక్తిని వెనుక చక్రమునకు చేర్చెడిది. తడిసినచో అది జారిపోవును. కొండ ఎక్కుట దానికి గగనమైనది. ఆ ఏడు గొలుసును, రెండు గేర్లును గల యంత్రములు సీనియర్ పందెములో మొదటి మూడు స్థానములను పొందినవి. వాటి పేరు 'ఇండియన్'; పేరు మనదే గాని, అవి అమెరికా దేశపు యంత్రములు. రెండవవాడుగా వచ్చిన కోలియర్, నియమితము కాని చోట పెట్రోలు పోయించుకొన్నాడని పందెము నుండి తొలగింపబడినాడు. నాటి నుండి గేర్ల పెట్టెయు గొలుసును క్రమముగా సామాన్యుని బండికి కూడ వచ్చినవి. నేడు మనము కాలితో గేరు మార్చునపుడు ఆ కొండదారి ఫలమును అనుభవించుచున్నాము.

కాని ఆ ఏటనే కొండదారి తొలి మూల్యమును తీసికొన్నది. విక్టర్ సరిడ్జ్ అను యువకుడు సాధన చేయుచు గ్లెన్ హెలెన్ వద్ద పడి మరణించినాడు. వేగము పెరుగుచున్నది, తలపై గుడ్డ టోపీ తప్ప ఏ రక్షణయు లేదు.

ఇంగ్లండులో బ్రూక్లాండ్స్ అనుచోట 1907లో కట్టిన పందెపు మైదానము ఉండెను. దానికి వైద్యాధికారిగా పనిచేసినవాడు డాక్టరు ఎరిక్ గార్డ్‌నర్. తలకు దెబ్బ తగిలిన మోటారు సైకిలు పందెగాండ్రు తరచుగా తన యొద్దకు వచ్చుచుండుటను ఆయన గమనించినాడు. కాలు విరిగినచో అతుకుకొనును; మెదడు అదిరినచో మనిషి మునుపటివాడు కాడు. గట్టి దెబ్బకు ఓర్చునదియు, రాతికో గోడకో తగిలినపుడు పట్టుకొనక జారిపోవు నునుపు గలదియు అగు టోపీ కావలెనని ఆయన ఆలోచించినాడు. తూర్పు లండనులోని ఒక పనివానిచేత కాన్వాసు గుడ్డను పొరలుగా పరచి, లక్కతో గట్టిపరచి అట్టి టోపీని చేయించినాడు.

లక్క అనగా మనకు క్రొత్త వస్తువు కాదు. ఆనాడు లోకమునకు లక్కను పంపుటలో భారతదేశమే అగ్రస్థానమున ఉండెను. మన అడవులలో చెట్లకొమ్మలపై లక్కపురుగులు కూర్చిన బంకయే అది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుగునిచ్చునదియు, హైదరాబాదు గాజులకు ఒడలునిచ్చునదియు, పాత గ్రామఫోను రికార్డులకు గట్టిదనమునిచ్చినదియు లక్కయే. భారతమున దుర్యోధనుడు పాండవులను చంపుటకు లక్క ఇల్లు కట్టించినాడు. గార్డ్‌నరు చేతిలో అదే లక్క ప్రాణరక్షణకు సాధనమైనది.

పందెములను నడుపు సంఘమువారు మొదట ఈ టోపీని మెచ్చలేదు. తరువాత మనసు మార్చుకొని, 1914 మాన్ ద్వీపపు పందెములలో ప్రతివాడును దానిని ధరింపవలెనని శాసించినారు. డాక్టరు గార్డ్‌నర్ తొంబదికి పైగా టోపీలు చేయించి ద్వీపమునకు కొనిపోయినాడు. పందెగాండ్రు సణుగుకొనినారు. ఆ పందెములో ఒకడు గేటునకు తల తగులగా, టోపీ వలన బ్రదికినాడు. ఏటేట తలదెబ్బల రోగులు తమకు దొరకెడివారనియు, ఈ ఏడు ఒక్కడును రాలేదనియు ద్వీపపు వైద్యాధికారి తరువాత జాబు వ్రాసినాడని గార్డ్‌నరు చెప్పియున్నాడు. అయినను ఆ ఏడు మరణము లేకపోలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ యంత్రముపై జూనియర్ పందెమున మూడవవాడుగా వచ్చిన ఫ్రెడ్ వాకర్, గమ్యము దాటిన పిమ్మట అడ్డుకట్టకు తగిలి, ఆ గాయములతో మరణించినాడు. టోపీ తలను కాచునే గాని విధిని గెలువదు. గెలువదని దానిని విడనాడుట కూడ తగదు.

పందెగాండ్రకు నియమమైన ఈ టోపీ, రోడ్డున పోవు సామాన్యులకు చేరుటకు ఇంకను పలు సంవత్సరములు పట్టినది. 1935 మే నెలలో అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్స్, సైకిళ్ళపై పోవుచున్న ఇరువురు బాలురను తప్పింపబోయి తన బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు నుండి పడి, తలదెబ్బతో ఆరు దినములు స్మృతి లేక ఉండి మరణించినాడు. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కేర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఉండెను. ఆ మరణము కేర్న్సును ఆలోచనలో ముంచినది. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినపుడు ఆయన లెక్కలు సేకరించినాడు. యుద్ధారంభము నుండి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు ప్రయాణికులు రోడ్డు ప్రమాదములలో మరణించినారు. శిరస్త్రాణము ధరించి గాయపడినవారు ఆయన కంటబడినది ఏడుగురే. ఆ ఏడుగురును బ్రదికినారు. 1941లో ఈ సంగతిని ప్రకటించినాడు. ఆ సంవత్సరాంతముననే బ్రిటిషు సైన్యము మోటారు సైకిలు నడుపు సిపాయిలకు శిరస్త్రాణమును తప్పనిసరి చేసినది. 1973లో బ్రిటను పౌరులందరికిని ఆ నియమము వచ్చినది.

ఈలోగా మాన్ ద్వీపపు పందెములు ఎదిగిపోయినవి. 1949లో ప్రారంభమైన ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో అవి ప్రధాన ఘట్టమైనవి. 1957లో స్వర్ణోత్సవ సందర్భమున బాబ్ మెకింటైర్ ఇటలీ దేశపు గిలెరా యంత్రముపై గంటకు 101.12 మైళ్ళ వేగముతో చుట్టు తిరిగి, నూరు మైళ్ళ హద్దును మొట్టమొదట దాటినాడు. 1959లో జపాను నుండి హోండా వారు వచ్చి ఆరవ స్థానముతో తృప్తిపడి వెళ్ళినారు. 1961లో రెండు తరగతులలో మొదటి ఐదు స్థానములను వారే కొల్లగొట్టినారు. 37 మైళ్ళ దారిని ఏ ప్రేక్షకుడును పూర్తిగా చూడజాలడు. కావున అచ్చటివారికి కన్నుల పని చేసినది రేడియోయే. ద్వీపపు సొంత రేడియో 1964 జూనులో పందెముల కాలముననే ప్రసారములు ప్రారంభించినది.

1972లో ఇటలీ పందెగాడు గిల్బెర్టో పార్లోటి మరణించగా, జియాకొమో అగోస్టిని వంటి మేటివారు ఈ దారికి ఇక రామనిరి. 1976 తరువాత దీనిని ప్రపంచ ఛాంపియన్‌షిప్పు నుండి తొలగించినారు. పందెము మాత్రము ఆగిపోలేదు. 2023లో చుట్టు వేగము గంటకు 136 మైళ్ళను దాటినది. ఆ కొండదారిపై ఇంతవరకు ప్రాణములు విడిచిన పందెగాండ్రు 250 మందికి పైగా ఉన్నారు. జ్ఞాపికలను చూచునపుడు ఈ సంఖ్యను మరచుట న్యాయము కాదు.

ఇక ఆ జ్ఞాపికల మాట. రెక్కల చక్రముపై నిలిచిన రోమనుల దేవత మెర్క్యురీ ప్రతిమ గల పెద్ద వెండి ట్రోఫీ 1907 నాటిది. విజేతల పేర్లు దానిపై చెక్కుదురు. విజేత కాలమునకు చేరువలో పందెము ముగించినవారికి దాని చిన్న ప్రతిరూపములు ఇచ్చెడివారు. ఓడినవాని ఇంట కూడ ఈ వెండి బొమ్మ ఉండుట ఆ పందెముల మర్యాద. పాత యంత్రములు తుక్కు క్రింద పోకుండ కాపాడుటకు 1946లో ఇంగ్లండులో వింటేజి మోటారు సైకిలు క్లబ్బు స్థాపితమైనది. 1984లో బర్మింగ్‌హామ్ సమీపమున జాతీయ మోటారు సైకిలు మ్యూజియము వెలసినది.

2003 సెప్టెంబరు 16న ఆ మ్యూజియమున అగ్నిప్రమాదము జరిగినది. ఆర్పక పారవేసిన ఒక సిగరెట్టు దానికి కారణమని తేలినది. సుమారు 380 యంత్రములు కాలిపోయినవి. 1907లో ఫౌలర్ గెలిచిన నార్టన్ కూడ ఆ మంటలలో చిక్కినది. నిపుణులు దానిని మరల నిలబెట్టినారు. మ్యూజియము మరుసటి ఏడు తెరువబడినది. కాలిన యంత్రమునకు క్రొత్త భాగములు చేర్చినపుడు అది పాతదేనా అని కొందరు ప్రశ్నింతురు. ఫౌలర్ స్వయముగా పందెమున టైరు మార్చినాడు, ప్లగ్గులు మార్చినాడు. అయినను ముగించినది ఆ యంత్రమే గదా. వస్తువునకు విలువ లోహము వలన కాక, అది ఇచ్చు సాక్ష్యము వలన వచ్చుచున్నది.

ఆ సాక్ష్యమునే కొలబద్దగా పెట్టుకొన్నచో లక్క టోపీకి సాటి వేరొకటి లేదు. ట్రోఫీ గెలిచినవానిని తలపించును. యంత్రము నిర్మించినవానిని తలపించును. ఆ టోపీ ఇంటికి తిరిగి వచ్చినవానిని తలపించును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము ద్విచక్ర వాహనమెక్కువారికి శిరస్త్రాణమును విధించినది. అయినను విజయవాడలోనైనను, వరంగల్లులోనైనను, హెల్మెట్టును అద్దమునకు తగిలించియో మోచేతికి వేసికొనియో పోవువారిని నిత్యము చూచుచున్నాము. జుట్టు చెదరునని ఒకరు, ఉక్కపోయునని ఒకరు, పక్కవీధికే గదా అని ఒకరు చెప్పుదురు. 1914లో పందెగాండ్రు సణిగినదియు ఇట్టిదే. వారు సణుగుచునే ధరించినారు, బ్రదికినారు. ప్రతి ఇంట గుమ్మము ప్రక్కన వ్రేలాడు హెల్మెట్టు, నూరేండ్లకు పూర్వము ఒక వైద్యుడు ఆ ద్వీపమునకు మోసికొనిపోయిన లక్క టోపీకి వారసురాలు. దానిని అలంకారముగా ఉంచక తలకెత్తుకొనుటయే ఆ చరిత్రకు మనము చేయదగిన గౌరవము.