లక్క సీలు నుంచి జేబు రౌటరు దాకా

ఇంజనీరింగు చదివే మా మనుమడు సెలవులకు పాచిపెంట వచ్చి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. "తాతా, ఇకమీదట ఊరెళ్ళినా నీ పెన్షను లెక్కలు దీని గుండానే చూసుకో" అన్నాడు. దాని వెనుక కథ విన్నాక మన ఆఫీసు కథే అనిపించి రాస్తున్నాను.

మన సర్వీసులో రహస్య కాగితాలు రెండు కవర్లలో వెళ్ళేవి. లోపలి కవరుకు లక్క సీలు. పై కవరు మీద రహస్యమన్న మాటే ఉండేది కాదు. టెలిగ్రాం అలా కాదు, దారిలో ప్రతి గుమాస్తా చదివేవాడు. 2013 జూలైలో అది ఆగిపోయింది. లాడ్జీల్లో, స్టేషన్లలో దొరికే ఉచిత వైఫై కొంతవరకు ఆ బాపతే. బ్యాంకు సైటుకు తన సీలు తనకుంటుంది గాని, మనం ఏ సైటుకు వెళ్తున్నామో వైఫై నడిపేవాడికి తెలుస్తుంది. ఈ డబ్బా పై కవరు వేస్తుంది. మా పెద్దబ్బాయి ఇంట్లో ఉన్న రౌటరు దాకా అంతా గుప్తలిపిలో పోతుంది.

డబ్బాను నడిపే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ ఇచ్చినదాన్ని తీసేసి మనవాడు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఎక్కించాడు. ఆ హక్కు ఊరికే రాలేదు. 2002 చివర లింక్‌సిస్ వారి డబ్ల్యుఆర్‌టి54జి అనే రౌటరు వచ్చింది. అందులో ఉన్నది లినక్సేనని ఔత్సాహికులు కనిపెట్టారు. లినక్సును వాడుకుని అమ్మేవాడు దాని మూలప్రతిని అడిగినవారికి ఇవ్వాలన్నది లైసెన్సు షరతు. కంపెనీ 2003లో ఇచ్చింది. మరుసటి ఏడు దాని మీదనే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి మొదలైంది. ఒక్క షరతు అక్షరాలా అమలు జరిగితే ఎంత పని జరుగుతుందో గుమాస్తాలకు వేరే చెప్పాలా!

కంపెనీ ప్రోగ్రామునే నమ్ముకుంటే ఏమన్నా? అది పాతబడ్డాక మరమ్మతు చేసే దిక్కుండదు. 2016లో మిరాయ్ అనే పురుగు, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలు, రౌటర్లు లక్షల్లో పట్టుకుని, అమెరికాలో పెద్ద పెద్ద సైట్లనే గంటల తరబడి పడగొట్టింది.

మన తెలుగువారికీ ఇందులో పాలుంది. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వారు ఫ్రీడంబాక్స్ అనే ఇలాంటి సొంత పెట్టెను తెలంగాణ పల్లెల్లో పెట్టి వైఫై ఇచ్చారు. 2010లో న్యూయార్కులో ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ చేసిన ప్రసంగం నుంచి పుట్టిన పెట్టె అది.

మావాడి మొదటి ప్రయత్నం మాత్రం నవ్వులపాలైంది. కొత్త ఫర్మ్‌వేర్ సగం ఎక్కేసరికి మా వీధిలో కరెంటు పోయింది. దీపాలన్నీ ఆరి, డబ్బా ఇటుకైంది. లోపలి పలకకు సన్నతీగలు కలిపి, రెండు రాత్రులు కూర్చుని బతికించాడు. ఇప్పుడు పవర్‌బ్యాంకు తగిలించనిదే ఆ పని ముట్టుకోడు.

ఇంత కథా అయ్యాక నేనొక ప్రశ్న వేశాను. సాటి పెన్షనరు ఒకరికి ట్రెజరీ నుంచంటూ ఫోను వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్టు కోసమని నమ్మి ఓటీపీ చెప్పేశారు, రెండు నెలల పెన్షను పోయింది. ఈ డబ్బా ఉంటే ఆపేదా?

"ఆపదు తాతా. నోటితో చెప్పింది దీని గుండా పోదు కదా" అన్నాడు.

అందుకే డబ్బా మూత మీద కాగితం అంటించి, ఓటీపీ ఎవరికీ చెప్పరాదని రాసుకున్నాను. ఫర్మ్‌వేర్ మార్చిన తేదీలు పాత డిస్పాచ్ రిజిస్టరు ఖాళీ పేజీల్లో ఎక్కిస్తున్నాను. ఇప్పటికి మూడు నమోదులయ్యాయి.