మేషా రాజు ముచ్చట

రండర్రా, నెగడు దగ్గరికి జరగండి. ఇవాళ మోయాబు రాజు మేషా సంగతి చెబుతాను. మృత సముద్రానికి తూర్పున, ఇప్పటి జోర్డాన్‌లో ఉండేది ఆ రాజ్యం. ఇది 2,800 ఏళ్లకు పైబడిన మాట.

మేషా ఇశ్రాయేలుకు కట్టిన కప్పం ఎంతనుకున్నారు? లక్ష గొర్రెపిల్లలు, లక్ష పొట్టేళ్ల బొచ్చు! చేతులారా సాకిన మందను పరాయివాడు తోలుకుపోతుంటే కడుపు మండదూ? ఇశ్రాయేలు రాజు అహాబు కన్నుమూయగానే మేషా ఎదురుతిరిగాడు.

అహాబు కొడుకు యెహోరాము, యూదా రాజు యెహోషాపాతు, ఎదోము రాజు కలిసి దండెత్తారు. ఏడు రోజులు ఎడారిలో నడిచేసరికి నీళ్లు అయిపోయాయి. ఎలీషా ప్రవక్త లోయలో గోతులు తవ్వమన్నాడు. చినుకు పడకుండానే తెల్లారేసరికి నీళ్లు నిండాయి. పొద్దుపొడుపు ఎరుపు వాటి మీద పడితే, మోయాబు వాళ్లు నెత్తురనుకున్నారు. రాజులు తమలో తాము నరుక్కు చచ్చారనుకుని దోపుడుకి పరిగెత్తారు. ఆశ వాళ్లను తీసుకెళ్లి కత్తుల ముందు పడేసింది.

తర్వాత మోయాబు ఊళ్లు కూలాయి. పొలాలు రాళ్లతో నిండాయి. ఊటబావులు పూడ్చేశారు, మంచి చెట్లు నరికేశారు. చివరికి కీర్హరెశెతు కోట మిగిలింది. 700 మంది కత్తివీరులతో ముట్టడి చీల్చుకుని వెళ్దామని చూశాడు మేషా. సాగలేదు. అప్పుడు, తన తర్వాత గద్దెనెక్కవలసిన పెద్దకొడుకుని కోటగోడ మీద దహనబలి ఇచ్చాడు. ఇశ్రాయేలు మీదికి గొప్ప కోపం వచ్చిందనీ, దండు వెనుదిరిగిందనీ బైబిలు చెబుతుంది. ఎవరి కోపమో చెప్పదు.

1868లో జోర్డాన్‌లోని ధీబాన్ దగ్గర ఒక నల్లరాయి బయటపడింది. మేషా చెక్కించిన శాసనం అది. ఆ మరుసటేడే దాన్ని ముక్కలు చేశారు. ఏరి అతికించిన రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తన దేవుడు కెమోషుకు సొంత నేల మీదే కోపమొచ్చినందువల్ల అహాబు తండ్రి ఒమ్రీ తమను అణిచాడని అందులో రాయించాడు. ఊళ్లో నీటితొట్టి లేకపోతే ఇంటికొకటి తవ్వుకోమన్నానని చెప్పుకున్నాడు. నెబో అనే ఊళ్లో 7,000 మందిని చంపానని కూడా గొప్పగా చెప్పుకున్నాడు. మనకు మిగిలిన అక్షరాల్లో కొడుకు ఊసే లేదు.

రెండు పక్షాలూ తమ కథ రాసుకున్నాయి. గోడ మీద కాలిపోయిన ఆ పిల్లవాడి పేరు మాత్రం అక్కడా లేదు, ఇక్కడా లేదు. బిడ్డలారా, ఎవరు ఏ యుద్ధం కథ చెప్పినా, ముందు ఆ ఇంటి పిల్లలు ఏమయ్యారని అడగండి.