దివిటీల సరస్సు: ఓజిబ్వే వాళ్ల రాత్రి చేపల వేట కథ



తొలకరికి ఏరు పొంగితే చేపలు ఎదురెక్కుతాయి. రాత్రి దివిటీలు పట్టుకుని వేటకు పోవడం మన పెద్దలకు తెలుసు, మనం ఇప్పుడు బ్యాటరీ లైట్లతో పోతున్నాం. ఇదే పని కోసం అమెరికాలో ఒక ఆదివాసీ జాతి కోర్టుల్లో, ఒడ్డుల మీద ఏళ్ల తరబడి కొట్లాడింది. మేం హాస్టల్లో కూర్చుని ఆ చరిత్ర చదువుకున్నాం, మీకూ చెప్పాలనిపించింది.

ఆ జాతి పేరు ఓజిబ్వే. వాళ్లది విస్కాన్సిన్, మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రాల సరస్సుల ప్రాంతం. విస్కాన్సిన్‌లో వాళ్ల ఊరు ఒకటుంది, లాక్ దు ఫ్లాంబో. ఫ్రెంచిలో ఆ మాటకు దివిటీల సరస్సు అని అర్థం. బొచ్చుతోళ్ల వ్యాపారానికొచ్చిన ఫ్రెంచివాళ్లు రాత్రి నీళ్ల మీద మంటలు చూసి ఆ పేరు పెట్టారు. భూర్జ చెట్టు బెరడుతో పడవ, దివిటీ కూడా ఆ బెరడుతోనే, చేతిలో ఈటె. చలికాలపు మంచు కరగగానే వాలై అనే చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డు రాళ్ల దగ్గరికి వస్తుంది. పిల్లి కంట్లో ఉన్నట్టే దాని కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. వెలుగు పడితే కళ్లు మెరుస్తాయి, ఆ మెరుపు చూసి పొడుస్తారు. అదే దేశంలో క్రాపీ అనే చేపకు లైటు వాడే పద్ధతి వేరు. దీపం నీళ్ల మీద వేలాడదీస్తే పురుగూ పుట్రా చేరతాయి, వాటికోసం చిన్న చేపలు, వాటికోసం క్రాపీ. అక్కడ వెలుగు ఎర, ఇక్కడ వెలుగు కన్ను.

1837, 1842 ఒప్పందాల్లో ఓజిబ్వేలు భూమిని అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. కానీ ఆ భూమిలో వేటాడే, చేపలు పట్టే హక్కు తమకే ఉంచుకున్నారు, 1837 కాగితంలో అడవి వరి ఏరుకునే హక్కు కూడా. ఇది మనం బాగా గమనించాలి: ఎవరో దయతో ఇచ్చిన హక్కు కాదు, భూమి పోయినా చేతిలో మిగుల్చుకున్న హక్కు. 1850లో ప్రెసిడెంటు ఆ హక్కులు రద్దు చేసి వాళ్లను పడమటికి పొమ్మన్నాడు. ఆ ఏడాది చలికాలం సాండీ లేక్ దగ్గర డబ్బులు, తిండి ఇస్తామని పిలిచి ఆపారు. ఆకలికి, రోగాలకు, తిరుగు దారి చలికి దాదాపు 400 మంది చనిపోయారు. అయినా జనం కదల్లేదు. 1854 ఒప్పందంతో సొంత ప్రాంతంలోనే రిజర్వేషన్లు వచ్చాయి. తర్వాత రాష్ట్రం రిజర్వేషన్ గీత దాటి చేప పడితే కేసు పెట్టేది.

1974లో ఫ్రెడ్, మైక్ ట్రిబుల్ అనే అన్నదమ్ములు కావాలనే గీత దాటారు. చీఫ్ లేక్ మంచుకు కన్నం పెట్టి ఈటెతో వేటాడారు, పట్టుబడ్డారు. తెగ కోర్టుకెళ్లింది. 1978లో జడ్జి జేమ్స్ డోయిల్ వాళ్లకు వ్యతిరేకంగా చెప్పాడు. 1983లో పై కోర్టు ఆ తీర్పు తిప్పేసింది, దాన్నే వాయిట్ తీర్పు అంటారు. "ఇనప పడవ, కరెంటు లైటు మీ సంప్రదాయమా" అనే వాదన కూడా లేచింది. (ఈ మాట మనకూ కొత్త కాదు కదా!) 1987లో అదే డోయిల్, కొత్త పనిముట్లు వాడుకోవచ్చని తీర్పు చెప్పాడు.

కోర్టులో గెలిచినా ఒడ్డు మీద గెలవలేదు. 1980ల చివర్లో ప్రతి వసంతం పడవలు దించే చోట గుంపులు చేరి బూతులు తిట్టారు, రాళ్లు విసిరారు, మోటారు పడవలతో అలలు లేపి వేటగాళ్ల పడవలు ఊపేశారు. చేపలు అయిపోతాయని వాళ్ల మాట. ఓజిబ్వేలేమో రోజూ సరస్సు వారీగా పర్మిట్ తీసుకుని, ఒడ్డుకు రాగానే ప్రతి చేపనూ లెక్క అప్పజెప్పి పోయేవాళ్లు. తెల్లవాళ్లలోనే కొందరు కెమెరాలతో వచ్చి సాక్షులుగా నిలబడ్డారు. 1991లో రెండు పక్కలవాళ్లూ కలిసి చేసిన సర్వేలో, ఈటె వేట చేపల సంఖ్యను దెబ్బతీయలేదని తేలింది. ఆ ఏడే జడ్జి బార్బరా క్రాబ్ అల్లరి చేసేవాళ్లను ఆపుతూ ఉత్తర్వు ఇచ్చింది. 1999లో సుప్రీంకోర్టు మిల్ లాక్స్ కేసులో 5-4తో 1850 ఉత్తర్వు చెల్లదంది.

మన దగ్గర ఒప్పందాలు లేవు, చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటి వనరుల మీద ఊరి ఉమ్మడి హక్కు రాసి ఉంది. దానికి దరఖాస్తు ఫారం-బి. చాలా ఊళ్లలో పోడు పట్టాల గురించే మాట్లాడుకుంటాం, ఆ చేపల గడి ఖాళీగానే వదిలేస్తున్నాం. రుజువుగా పెద్దవాళ్లు చెప్పింది రాసుకుని పెట్టొచ్చని రూల్స్‌లోనే ఉంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఏ మడుగులో, ఏ నెలలో, ఎవరెవరు దివిటీతో వేటాడేవారో తాతల్ని, అవ్వల్ని అడిగి నోట్‌బుక్కులో రాయండి. మేం మా ఊళ్లతో మొదలుపెడుతున్నాం.