మాదాపూర్ కోళ్లు, కొక్కెర రోగం

ఇవాళ సైబర్ టవర్స్ ఉన్న చోటు 1998కి ముందు మాదాపూర్ ఊరి పొలాలు, బండలే. మనలో పెద్దవాళ్లకు గుర్తే. పొద్దున గంప ఎత్తితే కోళ్లు బయటికి పోయేవి, మళ్లీ చీకటి పడేటప్పుడే వచ్చేవి. కల్లంలో రాలిన గింజలు, పెంటకుప్పలో పురుగులు, చెదలు, పచ్చగడ్డి. మేతంతా ఊరే పెట్టేది. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే అదే చాలనుకున్నాం.

ఎండాకాలం రాంగనే భయం పట్టుకునేది. కోళ్లు మెడ తిప్పుకొని, తెల్లగా పచ్చగా పారుకొని, వారం తిరక్కుండానే గూడు ఖాళీ చేసేవి. కొక్కెర రోగం అన్నాం, అమ్మవారి కోపం అనీ అన్నాం. డాక్టర్లు దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివర్లో కుమావు కొండల్లోని రాణిఖేత్‌లో దీన్ని మన దేశంలో గుర్తించారు, అందుకే ఆ పేరు. (పాపం, ఆ ఊరు చేసిన తప్పేమీ లేదు. ఇదే రోగానికి ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పేరు కూడా ఉంది.) 1940ల్లోనే అదే కొండల్లోని ముక్తేశ్వర్‌లో టీకా తయారైంది. అయినా మన గూళ్ల దాకా రాలేదు. సీసా ఒక్కటి తెరిస్తే వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువకో సరిపోతుంది. తెరిచాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, ఐసులోనే తేవాలి. పది కోళ్లున్న ఆడమనిషి అంత మందు ఏం చేసుకుంటుంది? ఈ లెక్క ఒంటరిగా తెగేది కాదు. వాడంతా ఒక్కరోజే కోళ్లు తెచ్చుకుంటే ఇట్టే తెగుతుంది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క కంట్లో వేస్తాం, నాలుగో వారంలో ఇంకోసారి. రెండు నెలలు దాటాక రెక్క కింద సూది. జబ్బు పడ్డ కోడికి మాత్రం టీకా వెయ్యొద్దు.

మన దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ల పరిశోధన సంస్థ వచ్చింది. పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ అక్కడే పుట్టాయి. గ్రామప్రియ ఏడాదికి నూట యాభై గుడ్లు దాటుతుంది. అన్ని గుడ్లు పెట్టే కోడికి ఏరుకున్న మేత చాలదు. పైగా ఏరుకునే కల్లాలేవి ఇప్పుడు? హాస్టళ్ల మిగులు అన్నం తెచ్చి పోస్తున్నాం. పాచిపోయినది, బూజు పట్టిన నూకలు పెడితే కాలేయం చెడుతుంది. సాయంత్రం గుప్పెడు జొన్నలు, తవుడు, కాస్త పల్లిచెక్క పెట్టాలి. పక్కనే వేయించి దంచిన గుడ్డు పెంకులో, ఆల్చిప్పల పొడో ఉంచాలి. అది లేకపోతే కోడి తన ఎముకల్లోని సున్నమే తీసి పెంకు కడుతుంది. తర్వాత తోలుగుడ్లు, ఆపైన కాళ్లు పడిపోవడం. ఎండల్లో నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చాలి.

2015లో హయత్‌నగర్ దగ్గర తొర్రూరులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి ఇంకో మాట కూడా చెప్పుకుంటున్నాం. ఒకేసారి కోళ్లు పోతే కోసుకు తినొద్దు, నాలాలో పారెయ్యొద్దు. చేత్తో ముట్టుకోకుండా ముందు పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.