తీరమా, పడకల ఓడా? స్కూబా యాత్రలకు రెండు పుట్టిళ్లు

నీటి అడుగున పీల్చుకోవలసిన గాలిని సిలిండరులో నింపి వీపున మోసుకుపోయే పద్ధతికి స్కూబా అని పేరు. పైనుంచి గొట్టం ద్వారా గాలి పంపే పాత పద్ధతిలో డైవరు ఓడకు కట్టుబడి ఉండేవాడు. ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి 1943లో రూపొందించిన ఆక్వాలంగ్ ఆ కట్టును తెంచింది. జర్మన్ ఆక్రమణ కాలంలో పెట్రోలు దొరకక కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాన్ తయారుచేసిన కవాటమే కొద్ది మార్పులతో రెగ్యులేటరు అయింది. అంటే డైవరు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే తెరుచుకుని, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడే గాలిని వదిలే సాధనం. యుద్ధకాలపు కొరతలో పుట్టిన ఈ పరికరం ఇరవయ్యేళ్లు తిరగకముందే విహారయాత్రలకు దారితీసింది. తీరాన బస చేసి సముద్రంలో దిగడమా, ఓడమీదే పడుకుని లేస్తూ దిగడమా అన్నది నేడు ఖర్చుకు, సౌకర్యానికి సంబంధించిన ఎంపికగా కనిపిస్తుంది గాని, ఈ రెండు పద్ధతులూ రూపుకట్టిన చోట్లను పరిశీలిస్తే అసలు నిర్ణయం సముద్రగర్భపు నేలదేనని తెలుస్తుంది.

మొదటి పద్ధతికి బొనేర్‌ను మించిన ఉదాహరణ లేదు. వెనెజువెలాకు ఉత్తరాన కరీబియన్ సముద్రంలో, డచ్ పాలనలో ఉన్న ఈ ద్వీపానికి డాన్ స్టీవర్ట్ అనే అమెరికన్ 1962లో తెరచాప ఓడలో చేరుకుని, అక్కడే స్థిరపడి డైవింగును ఒక జీవనోపాధిగా నిలబెట్టాడు. ద్వీపపు పశ్చిమ తీరం గాలి మరుగున ఉండటం వల్ల నీరు నిలకడగా ఉంటుంది. పైగా తీరాన్ని అంటిపెట్టుకుని పెరిగే పగడపు దిబ్బ ఒడ్డునుంచి కొద్దిపాటి ఈత దూరంలోనే మొదలై లోతుకు జారిపోతుంది. కాబట్టి సిలిండర్లను బండిలో వేసుకుని, దారి పక్కన పసుపు రంగు రాళ్లపై రాసిన పేర్లు చూసుకుంటూ, నచ్చినచోట ఆగి నీటిలోకి నడిచిపోయే యాత్ర అక్కడ సహజంగానే ఏర్పడింది. అంత సులభంగా చేరగలిగినది అంత సులభంగానే పాడవుతుందని ఆ ద్వీపవాసులు త్వరగా గ్రహించడం మెచ్చదగిన విషయం: 1971లో ఈటెలతో చేపలు వేటాడటాన్ని నిషేధించారు, 1979లో చుట్టూ ఉన్న జలాలను సముద్ర ఉద్యానంగా ప్రకటించారు, లంగరు దెబ్బకు పగడాలు విరగకుండా పడవలు కట్టుకోవడానికి స్థిరమైన తేలుబుడ్లు ఏర్పాటు చేశారు, 1992 నుంచి డైవర్ల వద్ద రుసుము వసూలు చేసి ఆ సొమ్మును సంరక్షణకే వెచ్చించారు.

ఎర్ర సముద్రం తీరు వేరు. నడిమధ్య లోతైన లోయ ఉన్న ఆ సముద్రంలో గొప్ప దిబ్బలు కొన్ని తీరానికి బహుదూరంగా, అగాధం నుంచి నిటారుగా పైకి లేచి నిలుస్తాయి. కూస్తో 1951లో తన కాలిప్సో ఓడపై అక్కడికి వెళ్లినప్పుడు, ఒకప్పుడు మైన్లు తొలగించడానికి వాడిన ఆ ఓడే బృందానికి ఇల్లు, వంటశాల, ప్రయోగశాల అయింది. కొంతభాగం అక్కడే చిత్రీకరించిన ఆయన సినిమా 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొంది లక్షలాదిమందికి పగడాల లోకాన్ని చూపింది. అదే సినిమాలో చేపలను లెక్కించడానికి దిబ్బను డైనమైట్‌తో పేల్చిన దృశ్యం నేడు చూసేవారి మనసును కలచివేస్తుంది. ఆ సముద్రపు ఒడ్డునున్న సినాయ్ ద్వీపకల్పం 1982లో తిరిగి ఈజిప్టు చేతికి వచ్చిన మరుసటి ఏడాదే, దాని దక్షిణ కొసనున్న రాస్ ముహమ్మద్ రక్షిత ప్రాంతమైంది. అక్కడి దిబ్బలకు పగటి పడవలో వెళ్లి సాయంత్రానికి బసకు చేరవచ్చు గాని, తీరానికి సుమారు 60 కి.మీ. దూరంలో దీపస్తంభమే గాని బస చేసే వసతి లేని బ్రదర్స్ దీవులకు ఆ పద్ధతి కుదరదు. అందుకే లివ్‌అబోర్డ్, అంటే డైవర్లు వారమంతా బస చేసే ఓడ, అక్కడ అనివార్యమైంది.

ఈ ఓడ యాత్రలో రోజుకు మూడు నాలుగుసార్లు నీటిలో దిగుతారు. లోతున పీడనం వల్ల రక్తంలోను, కణజాలంలోను కరిగిన నత్రజని, డైవరు వేగంగా పైకి వస్తే, బుడగలై కీళ్లనొప్పులనూ పక్షవాతాన్నీ కలిగిస్తుంది. దీనిని నివారించే పట్టికలను జాన్ స్కాట్ హాల్డేన్ 1908లోనే ప్రచురించినా, లోతును, కాలాన్ని క్షణక్షణం లెక్కగట్టే చేతి కంప్యూటర్లు 1980లలో వచ్చాకే వరుస డైవ్‌ల లెక్క సామాన్య డైవరుకు సులువైంది. అయినా బలమైన ప్రవాహాలుండే బ్రదర్స్ వంటి చోట్లకు సాధారణంగా కనీసం 50 డైవ్‌ల అనుభవం అడుగుతారు. కొత్తగా నేర్చినవారికి బొనేర్ తీరమే తగినదనడానికి ఇదొక్కటే చాలిన కారణం.

ఉత్తరాంధ్ర మత్స్యకారులెందరో వలసవెళ్లి స్థిరపడిన అండమాన్ దీవుల్లోనూ ఈ భేదమే కనిపిస్తుంది. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో బస చేసి పగటి పడవలపై దగ్గరి దిబ్బలకు వెళ్లిరావచ్చు; 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 140 కి.మీ. దూరాన మనుషులెవరూ నివసించని అగ్నిపర్వత ద్వీపం బారెన్ చుట్టూ మునగాలంటే మాత్రం సాధారణంగా ఓడలోనే రాత్రి గడపాలి.