పెదవి దాటని మాట

రేడియో వినుటకు అలవాటుపడిన మనకు, మాటలాడువారి ముఖము కానరాకుండ మాట వినవచ్చుట వింత గాదు. కాని మాటలాడువారి పెదవియు నాలుకయు కదలకుండ మాట పుట్టుట యన్నది మొన్న మొన్నటి వరకు కాశీమజిలీ కథలలో చదువుకొనదగిన సంగతిగనే యుండెను. 2023వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు చెందిన రెండు పరిశోధక బృందములు, ఒకే దినమున, ‘నేచర్’ అను శాస్త్రపత్రికలో తమ ఫలితములను ప్రకటించినవి. వ్యాధివలన నోటిమాట పోయిన ఇద్దరు స్త్రీలు, తమ మెదడులోని విద్యుత్ సంకేతముల బలముననే, ఒకరు నిమిషమునకు 62 మాటలును, మరియొకరు 78 మాటలును కంప్యూటరు తెరమీదికి తేగలిగిరి. ఆంగ్లమున సాధారణ సంభాషణ నిమిషమునకు సుమారు 160 మాటల వేగమున సాగునందురు. అందులో సగము వేగము, నోరు మెదపకుండ!

ఈ ఫలితము వెనుక నూటయేబది యేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్రలో శాస్త్రజ్ఞులు వెదకిన దొకటి, దొరకిన దొకటి. ఆ వృత్తాంతమునే ఇచట చెప్పుకొందము.

వాక్కు పోవుట యనగా నెట్టిదో తెలియుటకు ఒక్క యుదాహరణము చాలును. పారిస్ నగరమున ఒక ప్రసిద్ధ పత్రికకు సంపాదకుడుగా నుండిన జాన్ డొమినీక్ బోబీ, 1995 డిసెంబరులో మెదడు కాండమునకు పక్షవాతపు దెబ్బ తగిలి పడిపోయెను. తెలివి వచ్చునప్పటికి దేహమంతయు శిలవలె నుండెను. ఎడమ కంటిరెప్ప మాత్రము ఆడుచుండెను. ఆయన వినుచుండెను, తలచుచుండెను, మనుష్యులను గుర్తించుచుండెను; పలుకలేకుండెను. ఎదుట గూర్చున్న లేఖకురాలు అక్షరములను వరుసగా చదువుచుండ, తనకు కావలసిన అక్షరము వచ్చినపుడు ఆయన రెప్ప వేయును. ఆ విధముగ నొక గ్రంథమునే చెప్పి వ్రాయించెను. 1997 మార్చిలో అది వెలువడిన కొలది దినములకే కన్నుమూసెను. ఇట్టివారి మెదడు చెడలేదు. మెదడునుండి నోటికి పోవు త్రోవ తెగినది. ఊరిబయట తంతి తెగిపోయినదని యెరుగక, తంతి ఆఫీసులో గుమాస్తా మీటను నొక్కుచునే యున్నాడన్న మాట. ఆ మీట చప్పుడును లోపలనే వినవచ్చునా యన్నది ప్రశ్న.

మెదడులో విద్యుత్తు ప్రవహించునని మొదట చూపినవాడు ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరపు వైద్యుడు రిచర్డ్ కేటన్. ఆయన 1875లో కుందేళ్ల యొక్కయు కోతుల యొక్కయు మెదడుపై తీగలుంచి, అతి సూక్ష్మమైన విద్యుత్ప్రవాహములను కనిపెట్టెను. అందుకాయన వాడిన పరికరము థామ్సన్ నిర్మించిన అద్దపు గాల్వనామీటరు. సముద్రగర్భమున వేసిన తంతిద్వారా ఖండము నుండి ఖండమునకు వచ్చు క్షీణవార్తలను పట్టుటకు పుట్టిన పరికరమది. సముద్రము క్రింది వార్తను పట్టిన యంత్రమే కపాలము క్రింది వార్తను గూడ పట్టుట మాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

మనుష్యుని మెదడు వంతు జర్మనీలోని యేనా నగరమున వచ్చెను. హాన్స్ బెర్గర్ అను మానసిక వైద్యునికి యౌవనమున, సైన్యములో పనిచేయు దినములలో, ఒక ప్రమాదము జరిగెను. గుఱ్ఱము మీదినుండి పడి, ఫిరంగిబండి చక్రము క్రింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. నాటి సాయంకాలమే తండ్రి వద్దనుండి క్షేమము విచారించుచు తంతి వచ్చెను. దూరమున నున్న సోదరి, అతనికి ఏదో ఆపద కలిగినదని పట్టుబట్టి ఆ తంతి ఇప్పించెనట! భయపడిన తన తలపు సోదరిని చేరినదని బెర్గర్ నమ్మెను. ఆ తలపు ఏ శక్తిరూపమున ప్రయాణము చేసినదో కనుగొనుటకే ఆయన వైద్యము చదివి, ఏండ్ల తరబడి ఎవరికిని చెప్పకుండ ప్రయోగములు చేసెను. 1924లో మనుష్యుని తలనుండి మొదటిసారిగా విద్యుత్తరంగములను గీతలుగా గీయించెను. 1929లో గాని దానిని ప్రకటించుటకు సాహసింపలేదు. చాలమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను వారు, ఒకప్పుడు మన రేడియో పెట్టెలలో వెలుగుచుండిన వాల్వుల వంటివాటితో ఆ సంకేతములను పెద్దవి చేసి చూచి, బెర్గర్ చెప్పినది నిజమేనని తేల్చిరి.

ఆయన వెదకినది తలపు. దొరకినది తరంగము. నిద్రయో మెలకువయో, మూర్ఛవ్యాధి యున్నదో లేదో ఆ తరంగము చెప్పగలదు. అంతకంటె లోతు చెప్పలేదు. తిరునాళ్ల జరుగుచుండ ఊరి పొలిమేరలో నిలుచున్నవానికి జనఘోష వినబడును. రథము కదలినపుడు ఘోష హెచ్చినదని గూడ తెలియును. కాని రథము ప్రక్కన ఒక ముసలమ్మ మనుమనితో ఏమన్నదో వినబడునా? కపాలముపై నంటించిన తీగలకు దక్కునది ఆ ఘోషయే.

ఆ ఘోషతోనే పని జరిపించుకొనుటకు పూనుకొన్నవారును లేకపోలేదు. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలీస్ శాఖలో జాక్ విడాల్, మెదడును కంప్యూటరుతో నేరుగా కలుపవచ్చునా యని ప్రశ్నించి, ఈ విద్యకు పేరు పెట్టెను. 1988లో ఫార్‌వెల్, డోంచిన్ అను వారు తెరపై అక్షరముల చదరమొకటి నిలిపి, దాని అడ్డువరుసలును నిలువువరుసలును ఒక్కొక్కటిగా మెరయునట్లు చేసిరి. మనసులో నున్న అక్షరము మెరసినపుడు, సెకనులో సుమారు మూడవవంతు కాలము గడచిన పిమ్మట, మెదడులో ఒక అల లేచును. దానిని బట్టి అక్షరమును గుర్తించిరి. వేగము నిమిషమునకు 2.3 అక్షరములు. అనగా జాబులో రెండు పంక్తులు వ్రాయుటకు అరగంట. నవ్వదగిన వేగమే; కాని బోబీ వంటివాని స్థితిలో ఉన్నవారు నవ్వరు.

పొలిమేర దాటి తిరునాళ్ల లోపలికి పోవుటకు మార్గము వేరొక చోట తెరువబడెను. 1969లో ఫెట్జ్ అను శాస్త్రజ్ఞుడు, కోతి మెదడులోని ఒక్క నాడీకణము చప్పుడును వినుచు, అది హెచ్చినపుడెల్ల కోతికి తిండిగుళిక నిచ్చెను. కోతి ఆ కణమును ఇచ్ఛానుసారముగ నడుపుట నేర్చెను! ఆ పిమ్మట, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున, కందిగింజ కంటె మించని 4 మిల్లీమీటర్ల పలకపై సుమారు నూరు సూదులు గల ఎలక్ట్రోడును నిర్మించిరి. 2004లో కాళ్లుచేతులు పడిపోయిన యొక యువకుని మెదడులో, చేతిని కదల్చు భాగమున, దాని నమర్చిరి. చేయి కదలించుదునని అతడు తలచినంతనే తెరమీది బాణపుగుర్తు కదలెను. చేయి చచ్చుబడి సంవత్సరములు గడచినను, మెదడు ఆజ్ఞలిచ్చుట మానలేదని తెలిసినది. ఈ చరిత్రకంతకును కీలక మిదియేనని మా అభిప్రాయము. తలపు నెవరును పట్టలేకపోయిరి. పట్టుబడినది ప్రయత్నము.

ఆ కీలకము తెలిసిన పిమ్మట వేగము దానంతట వచ్చెను. 2017లో బాణపుగుర్తుతో నిమిషమునకు సుమారు 39 అక్షరములు. 2021లో, చేతితో కలము పట్టి వ్రాయుచున్నట్లు రోగి ప్రయత్నించుచుండ, మెదడులోని ఆ వ్రాత కదలికలనే చదివి 90 అక్షరములు.

చేతివ్రాతను పట్టినవారికి నోటిమాటను పట్టుట ఎంత దూరము? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ అను శస్త్రవైద్యుని బృందము, మాటలాడునపుడు పెదవికి, దవడకు, నాలుకకు, కంఠమునకు ఆజ్ఞలు పంపు మెదడు భాగములను విడివిడిగా గుర్తించెను. ఇచట మనవారి పేరొకటి వచ్చుచున్నది. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థలో చదివి అమెరికా వెళ్లిన అనుమంచిపల్లి గోపాలకృష్ణగారు, చాంగ్ మొదలగువారితో కలిసి, 2019లో ఒక ముఖ్యమైన పత్రమును ప్రకటించిరి. మూర్ఛవ్యాధి చికిత్సకై అప్పటికే తలలో ఎలక్ట్రోడులు గల ఐదుగురు మాటలాడుచుండ, మెదడు సంకేతములను మొదట నాలుక పెదవుల కదలికలుగ మార్చి, ఆ కదలికలను ధ్వనిగ మార్చిరి. మెదడునుండి నేరుగా శబ్దమునకు దూకక, నడుమ నోటిని నిలిపినారన్న మాట.

ఇక కృత్రిమ మేధ చేయు పని యేమి? మెదడునుండి వచ్చు సంకేతము ప్రతిక్షణమును ఒక వర్ణమును స్పష్టముగ చెప్పదు. ‘ప’ కావచ్చును, ‘బ’ కావచ్చును, ‘మ’ కావచ్చునని అనుమానముగ చెప్పును. తాళపత్ర గ్రంథమును పరిష్కరించు పండితుని తలచుకొనుడు. పురుగు తినిన చోట సగము అక్షరము మిగిలియుండును. వ్యాకరణమును ఛందస్సును ఎరిగినవాడగుటచే ఆయన అచట ఏ పదముండవలెనో ఊహించును. కోట్లకొలది వాక్యములు చదివించిన భాషాయంత్రము చేయునదియు నిదియే. అయితే పరిష్కర్తలలో మూలము బోధపడనిచోట స్వకపోలకల్పనము చొప్పించువారును గలరని మన సాహిత్యచరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. యంత్రమునకును ఈ దోషము గలదు. రోగి యనినది ఒకటి, తెరపై సొంపుగ వెలసిన వాక్యము మరియొకటి కావచ్చును. అది తన మాట కాదని చెప్పుటకు ఆ రోగికి వేరొక నోరు లేదు! అందుచేత వేగము కంటె శుద్ధి ముఖ్యమని మేము తలంతుము.

ఆ శుద్ధియు పెరుగుచున్నది. 2021లో చాంగ్ బృందము, పదునైదేండ్లకు పైగా మాట లేకుండిన యొక వ్యక్తిచేత 50 మాటల చిన్న నిఘంటువుతో వాక్యములు పలికించినపుడు, నాలుగు మాటలకు ఒకటి తప్పుచుండెను. 2024లో డేవిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు, కండరములను నడపు నాడీకణములు క్రమముగ నశించు వ్యాధి గల 45 ఏండ్ల వ్యక్తికి 256 ఎలక్ట్రోడులు అమర్చిరి. 1,25,000 మాటల నిఘంటువుతో, నూటికి 97 కంటె ఎక్కువ మాటలు సరిగ వచ్చెను. ఆ శుద్ధి ఎనిమిది నెలలకు పైగా నిలిచెను. తాననదలచిన మాటలు తెరపై మొదటిసారి కనబడినపుడు ఆయనయు కుటుంబమువారును కన్నీరు పెట్టుకొనిరట. వ్యాధి రాకమునుపు భద్రపరచిన ధ్వనులనుండి ఆయన కంఠమునే పోలిన కంఠముతో యంత్రము ఆ మాటలను చదివెను. 2025లో చాంగ్, గోపాలకృష్ణగార్ల బృందము, వాక్యము ముగియువరకు కొన్ని సెకనులు వేచియుండ నక్కరలేకుండ, సెకనులో పన్నెండవ వంతు చొప్పున సంకేతములను గైకొని వెంటవెంటనే పలుకు పద్ధతిని చూపెను. ఇవి యన్నియు ఇంకను పరిశోధనలే సుమా. కపాలము తెరచి చేయవలసిన శస్త్రచికిత్స ఇది. అంగడిలో కొనుటకు దొరకునది కాదు.

ఇందలి ముఖ్య ప్రయోగములు ఆంగ్లమున జరిగినవి. మాతృభాష స్పానిషు గల యొకరితో రెండు భాషలలోను జరిపిన ప్రయోగమును 2024లో ప్రకటించిరి. మన తెలుగు మాట వచ్చునప్పటికి ఏమగును? వర్ణముల విషయమున మనకు కొంత సులువు, పలికినట్లే వ్రాయుదుము. కాని ‘ఇల్లు’ అను నొక్క మాటయే ఇంటికి, ఇంటిలో, ఇంటినుండి, ఇంటివారికే అని ఎన్ని రూపములు ధరించునో చూడుడు. మాటల పట్టిక వేసి ముగించుటకు వీలులేదు. యంత్రమునకు తెలుగు వాక్యములు, అందునను మన ఇండ్లలో నిజముగ పలుకు వాక్యములు, విస్తారముగ చదివింపవలసి యుండును.

మన శబ్దశాస్త్రజ్ఞులు వాక్కునకు పరా, పశ్యంతి, మధ్యమా, వైఖరి అని నాలుగు దశలు చెప్పిరి. నోట వెలువడునది వైఖరి. లోలోన పదరూపము దాల్చి వెలికి రానిది మధ్యమ. పూర్వులు ఈ యంత్రములను ఎరుగుదురని మేము చెప్పబోవుట లేదు. విభజన మాత్రము ఇచట చక్కగ నుపకరించును. ఇంతవరకు చెప్పిన యంత్రములు వైఖరికై చేయు ప్రయత్నమును పట్టినవి. రోగి పలుకుటకు పూనుకొననిదే అవి పలుకవు. అయితే అట్లు పూనుకొనుట జబ్బుపడిన దేహమునకు ఆయాసము. అందుచే 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు, మనసులో అనుకొనిన మాటను, అనగా మధ్యమను, పట్టజూచిరి. ఉత్తమ ఫలితము నూటికి 74 మాటలు. దానితోబాటు భయము గొలుపు మరియొక సంగతియు బయటపడెను. తెరమీది బొమ్మలను లెక్కపెట్టుమని చెప్పినపుడు, రోగి లోలోన లెక్కించుకొనిన అంకెల జాడ గూడ యంత్రమునకు తగిలెను. వాటిని చెప్పవలెనని అతడు తలపలేదు.

వీధిలో పోవువాని తలపును ఎవరో దొంగిలింతురను పుకారునకు ఇది ఆధారము కాదు. 2023లో టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు శస్త్రచికిత్స లేకుండ, పెద్ద అయస్కాంత యంత్రములో మనుష్యుని పరుండబెట్టి, అతడు వినుచున్న కథ సారాంశమును పట్టిరి. కాని అందుకు ఒక్కొక్కరు పదునారు గంటలు యంత్రములో గడపవలసి వచ్చెను. వారు వేరొక సంగతి తలచుకొనినంతనే ఫలితము చెడెను. అయినను దక్షిణ అమెరికాలోని చిలీ దేశము 2021లోనే తన రాజ్యాంగమును సవరించి, మెదడు వ్యాపారమునకును దానినుండి లభించు సమాచారమునకును రక్షణ కల్పించెను. తొందరపడినదని మేము అనజాలము. మాటకై తపించువానికి మాట నీయవలసినదే. మౌనముగ నుండదలచినపుడు అతని మౌనమును గూడ అతనికే విడువవలెను గదా.

స్టాన్‌ఫర్డ్‌వారు దీనికై చేసిన యేర్పాటు తలుపునకు తాళము వంటిది. రోగి ఒక సంకేతవాక్యమును మనసులో అనుకొనువరకు యంత్రము అతని లోపలి మాటలను పట్టించుకొనదు. ఆ వాక్యమును యంత్రము నూటికి 98 కంటె ఎక్కువ పర్యాయములు సరిగ గుర్తించెను. అందుకు వారెన్నుకొనినది పిల్లల కథ యొకదాని పేరు: ‘చిట్టి చిట్టి బాంగ్ బాంగ్’. ఊరక తలచుకొనుచు ఎవరును అనుకొనని మాట కావలెనని దాని నెన్నిరి. తెలుగు చెవికి ‘చిట్టి’ యన్నంతనే చంటిబిడ్డ గుర్తుకు వచ్చును. మన యింట నట్టి రోగి యున్నచో, ఈ తాళమునకు వేరొక మాట వెదకవలసి యుండును.