పసుపు వెలుతురు మీద నింద

కొత్త ఇంటికి లైట్లు కొందామని హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఏ షాపు మెట్లెక్కినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "వార్మా, న్యూట్రలా, కూలా?" అట్టపెట్టె మీద అదే సంగతి 3000, 4000, 6500 కెల్విన్ అని అంకెల్లో ఉంటుంది. పైకి ఇది గోడకి రంగు ఎంచుకోవడంలాంటి వ్యవహారమే. కానీ మన ఇళ్ళల్లో తరాలు చీలిపోయేది సరిగ్గా ఇక్కడే. పెద్దవాళ్ళకి తెల్లటి వెలుతురు కావాలి. కెఫేల్లో కూర్చుని చదువుకోవడం అలవాటైన మనకి పసుపు కావాలి. ఇరుపక్షాలూ దీన్ని అభిరుచి అనే అనుకుంటాయి. నాకు మాత్రం ఇది చరిత్ర అనిపిస్తుంది, అదీ రెండు విషయాలు కలగలిసిపోయిన చరిత్ర.

గుండు బల్బు పసుపుగా వెలిగేది ఎవరి ఇష్టం కొద్దీ కాదు. లోపలి టంగ్‌స్టన్ తీగ సుమారు 2700 కెల్విన్ దాకా కాలుతుంది. అంత వేడికి పుట్టే రంగు అదే. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చేది దాదాపు 700 ల్యూమెన్ల వెలుతురు. తర్వాత వచ్చిన 40 వాట్ల ట్యూబ్‌లైటు సుమారు 2400 ఇచ్చేది. అంటే ఇంట్లోకి ట్యూబ్‌లైటు వచ్చిన రోజున రంగొక్కటే మారలేదు, తక్కువ కరెంటుతో వెలుతురు మూడింతలకి పైగా పెరిగింది. కోడ్‌లో ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేం కదా. ఇక్కడా అదే జరిగింది. ఘనత ఎక్కువ వెలుతురుది, పేరు మాత్రం తెలుపుకి వచ్చింది.

దీనికి తోడు లో వోల్టేజీ. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే గుండు బల్బు వెలుతురు సగం కూడా ఉండదు, పైగా ఎర్రబడిపోతుంది. ట్యూబ్‌లైటు మొహమాటం లేకుండా మొరాయిస్తుంది. చోకు గుయ్‌మంటుంది, రెండు చివర్లూ మిణుకుమిణుకుమంటాయి, స్టార్టర్ తిప్పి తిప్పి వేళ్ళు నొప్పెడతాయి. ఆలస్యంగా అర్థమయ్యేవాణ్ణి ట్యూబ్‌లైటు అని వెక్కిరించడం అక్కణ్ణుంచి వచ్చిందే. కాబట్టి ఎండాకాలం సాయంత్రాల్లో ఇంట్లో తెలుపు వెలిగిందంటే కరెంటు పూర్తిగా ఉన్నట్టు. ఎర్రగా బల్బొక్కటే మిగిలిందంటే లేనట్టే లెక్క. మా కొత్త ఫ్లాట్ ఫాల్స్ సీలింగ్‌లో 3000 కెల్విన్ లైట్లు చూసి అమ్మ, "ఏంట్రా ఇది, లో వోల్టేజీలాగా!" అంది. నాకు అందులో అభిరుచి లోపం కనిపించలేదు. ఆమె చదువూ వంటా అన్నీ ఆ వెలుతురులోనే సాగాయి. చాలని వెలుతురుని ఆమె ఆ రంగుతోనే గుర్తుపెట్టుకుంది.

ఎల్ఈడీ కథ మొదలైంది ఎరుపుతో. కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో చేసి చూపించాడు. తెలుపు కావాలంటే నీలం కావాలి, ఆ నీలం కోసం మరో మూడు దశాబ్దాలు పట్టింది. నగోయాలో అకసాకి, అమానో గాలియం నైట్రైడ్ స్ఫటికాలని దారికి తెచ్చారు. 1993లో తోకుషిమాలోని నిచియా కంపెనీలో నకమురా గట్టిగా వెలిగే నీలం ఎల్ఈడీని తయారుచేశాడు. ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. 1996లో నిచియా ఆ నీలం చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసి తెల్లటి ఎల్ఈడీని అమ్మకానికి తెచ్చింది. మన ఇళ్ళల్లో వెలిగే దాదాపు ప్రతి ఎల్ఈడీ బల్బుకీ మూలం ఇదే: పుట్టుకతో నీలం, పైన పసుపు పూత.

పూత పెంచి, ఎరుపు ఫాస్ఫర్ కూడా కలిపితే వెలుతురు వెచ్చబడుతుంది. కానీ నీలం ఎరుపుగా మారేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. అందుకే తొలి రోజుల్లో అదే కరెంటుకి చల్లటి తెలుపే ఎక్కువ వెలిగేది. వాట్లు పొదుపు చేయడమే లక్ష్యమైన దేశానికి ఇది చిన్న విషయం కాదు. 2015 జనవరిలో మొదలై, తర్వాత ఉజాలా పేరుతో స్థిరపడిన పథకం 36 కోట్లకి పైగా బల్బుల్ని పంచింది. 2014 మొదట్లో సుమారు 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కల్లా 38కి దిగింది. మా ఇంటికి వచ్చిన 9 వాట్ల బల్బులన్నీ చల్లటి తెలుపే. ట్యూబ్‌లైటు నేర్పిన పాఠాన్ని అవి మరోసారి చదివించాయి.

ఇంతకీ ఎల్ఈడీ చేసిన అసలు పని ముడి విప్పడం. లోపలి డ్రైవర్ సరైనదైతే వోల్టేజీ పడిపోయినా వెలుతురు తగ్గదు, రంగూ మారదు. పసుపుగా ఉంటూనే ట్యూబ్‌లైటు అంత వెలుతురు ఇవ్వగలదు. రంగు, పరిమాణం, కరెంటు నాణ్యత మొదటిసారి మూడు వేర్వేరు ప్రశ్నలయ్యాయి. మనమేమో ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే కొట్టుకుంటున్నాం.

జపాన్ రచయిత తనిజకి 1933లో నీడల అందం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసం కూడా కొత్త ఇల్లు కట్టుకునేవాడి అవస్థతోనే మొదలవుతుంది: ఈ కరెంటు తీగల్ని ఎక్కడ దాచాలి? మసక వెలుతురుని ప్రేమించే మనబోటివాళ్ళకి అది ఇష్టగ్రంథం. కానీ ఆయన ఫిర్యాదు వెలుతురు ఎక్కువైపోయిందని. నీడని ఎంచుకోవాలంటే ముందు స్విచ్చు వేస్తే చాలినంత వెలుతురు వచ్చే ఇల్లు ఉండాలి. చీకటి నుంచి బయటపడటానికి ఒక జీవితకాలం పట్టినవాళ్ళకి మన కెఫే పసుపు కళాత్మకంగా కాక, వెనకడుగులా కనిపిస్తే అది మొండితనం కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. అరవై ఏళ్ళ కంటి రెటీనాకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదాంట్లో సుమారు మూడో వంతు. అందుకని మా ఇంట్లో వంటగదికి 4000 కెల్విన్, ప్లాన్‌లో వేసినదానికి రెట్టింపు ల్యూమెన్లు. హాల్లో 3000 ఉంచాం, కానీ రెండు స్విచ్చుల మీద. రెండో స్విచ్చు అమ్మది. కుంకుమా ఎండుమిరపా వాటి అసలు ఎరుపులో కనిపించాలని, డబ్బు కాస్త ఎక్కువైనా, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ 90కి పైన ఉన్నవే తీసుకున్నాం. షాపులో ఆ అంకె ఎవరూ అడక్కుండా చెప్పరు. ల్యూమెన్లూ అంతే. మీరే అడగండి, తెలుపా పసుపా అన్న ప్రశ్న ఆ తర్వాత.